71 రూపాయల 86 పైసల లెక్క: మొక్కజొన్న ఇథనాల్ ధర ఎలా కడతారు, ఎవరికి గిడుతుంది

2025 వానాకాలం మొక్కజొన్న యార్డులకు వచ్చేసరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. తెలంగాణ, కర్ణాటక మార్కెట్లలో రైతుకు పలికిన ధర చాలాచోట్ల 2,000 లోపే ఉండిపోయింది. తెలంగాణ ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు కేంద్రాలు తెరవవలసి వచ్చింది, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఇదే విషయమై ప్రధానమంత్రికి లేఖ రాశారు. అంతకు ఏడాది ముందు కోళ్ల పరిశ్రమ నుంచి వినిపించిన ఫిర్యాదు దీనికి పూర్తిగా ఎదురు. ఇథనాల్ తయారుచేసే డిస్టిలరీలు మక్కలన్నీ ఎగబడి కొంటున్నాయని, దాణా ధర భరించలేకపోతున్నామని వారు మొరపెట్టుకున్నారు. ఈ రెండు కాలాల్లోనూ పెట్రోలులో కలిపే మొక్కజొన్న ఇథనాల్‌కు చమురు కంపెనీలు చెల్లించిన ధర ఒక్కటే, లీటరుకు 71 రూపాయల 86 పైసలు. మారని ధర ఒకప్పుడు మొక్కజొన్నను పైకి లాగి, మరొకప్పుడు పడిపోతుంటే ఆపలేకపోయింది. ఎందుకు ఇలా జరిగిందో తెలియాలంటే ఆ 71.86 ఎక్కడి నుంచి వచ్చిందో, దానిలో ఎవరి వాటా ఎంతో విప్పి చూడాలి.

గింజలో ఉన్న పిండి, పీపాలో ఉన్న ఇంధనం

ఇథనాల్ అంటే సారాయిలో మత్తునిచ్చే ఆల్కహాలే. ఇంధనంగా వాడేటప్పుడు మాత్రం దానిలో నీరు దాదాపు లేకుండా, 99.5 శాతానికి పైగా శుద్ధిగా ఉండాలి. చెరకు మడ్డిలో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఈస్ట్ వేస్తే నేరుగా పులుస్తుంది. మొక్కజొన్నలో ఉండేది చక్కెర కాదు, పిండి పదార్థం. గింజను మరపట్టి, నీటితో జావలా కాచి, ఎంజైములతో ఆ పిండిని చక్కెరగా విరగగొట్టిన తరువాతే ఈస్ట్ పని మొదలవుతుంది. రెండు మూడు రోజులు పులిసిన ద్రవాన్ని బట్టీ పట్టి, మిగిలిన నీటిని కూడా తీసివేస్తే ట్యాంకరుకు ఎక్కించే సరుకు తయారవుతుంది. కాచడానికి, బట్టీకి, ఆరబెట్టడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి కోసం ఊకో బొగ్గో కాల్చే బాయిలరు గింజ డిస్టిలరీకి పెద్ద ఖర్చుల్లో ఒకటి.

ఒక కిలో పిండి పదార్థం పూర్తిగా ఆల్కహాలుగా మారితే రసాయన శాస్త్రం ప్రకారం దాదాపు 0.72 లీటరు ఇథనాల్ రావాలి. మార్కెట్‌కు వచ్చే మొక్కజొన్నలో పిండి 62 శాతం ఉందనుకుంటే టన్నుకు 446 లీటర్లు రావచ్చన్నమాట. ఆచరణలో కొంత పిండి విరగదు, కొంత చక్కెరను ఈస్ట్ తన ఎదుగుదలకు తినేస్తుంది, కొంత ఆవిరి దారిలో పోతుంది. అందువల్ల నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళిక టన్ను మొక్కజొన్నకు 380 లీటర్లు, టన్ను బియ్యానికి 450 లీటర్లు అని లెక్క కట్టింది. అమెరికా మిల్లులు టన్నుకు 420 లీటర్లకు పైగానే తీస్తున్నాయి. మన లెక్కలకు 380నే పునాదిగా తీసుకుందాం.

రైతుకు నేరుగా తగిలే చిన్న విషయం ఒకటి ఇక్కడే ఉంది. పిండి ఉండేది గింజ ఎండు భాగంలో, నీటిలో కాదు. 14 శాతం తేమ ఉన్న టన్ను గింజలో 860 కిలోల ఎండు పదార్థం ఉంటే, 20 శాతం తేమ ఉన్న టన్నులో 800 కిలోలే ఉంటుంది. 380 లీటర్లకు బదులు 353 లీటర్లు వస్తాయి. తగ్గిన 27 లీటర్ల విలువ 71.86 చొప్పున 1,900 రూపాయలు దాటుతుంది, అంటే క్వింటాలుకు 190. కాంటా దగ్గర తేమ మీటరు చూసి కోత పెట్టినప్పుడు రైతుకు అది దోపిడీలా కనిపిస్తుంది. చాలాసార్లు కోత ఈ లెక్కను మించే ఉంటుంది కాబట్టి ఆ అనుమానం అకారణమేమీ కాదు. అయితే కోతకు ఒక నిజమైన కారణం ఉందన్నదీ, అది ఎంతవరకు న్యాయమో లెక్క కట్టవచ్చన్నదీ తెలిసి ఉండటం మంచిది.

మిగిలిపోయే పిప్పి ఉపఉత్పత్తి మాత్రమే కాదు

టన్ను మొక్కజొన్న పులిసి బట్టీ దిగేసరికి అది స్థూలంగా మూడు భాగాలవుతుంది. ఇంచుమించు మూడో వంతు ఇథనాల్, మూడో వంతు బొగ్గుపులుసు వాయువు, మిగిలినది పిప్పి. ఈస్ట్ పిండిని మాత్రమే తింటుంది. మాంసకృత్తులు, నూనె, పీచు పిప్పిలోనే ఉండిపోయి మూడింతలు చిక్కబడతాయి. దీన్ని ఎండబెట్టి కోళ్ల దాణాకు, పశువుల దాణాకు అమ్ముతారు. వ్యాపారంలో దీని పేరు డీడీజీఎస్. టన్నుకు 280 కిలోల దాకా వస్తుంది. మాంసకృత్తులతో పాటు బూజు విషాలు కూడా అదే విధంగా చిక్కబడతాయి. వానలో తడిసి బూజుపట్టిన గింజను డిస్టిలరీ కొంటే ఇథనాల్‌కు పెద్ద హాని లేకపోవచ్చు గానీ, ఆ గింజలోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పిప్పిలోకి దిగి దాణా కొనేవాడికి చేరుతుంది. కోళ్ల రైతులు డీడీజీఎస్‌ను సోయా చెక్క కంటే తక్కువ ధరకే అడగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ధరను మార్కెట్ నిర్ణయించదు

మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను కొనేది ప్రధానంగా ప్రభుత్వ రంగ చమురు కంపెనీలే. ఏటా అవి టెండరు పిలుస్తాయి. సరఫరా సంవత్సరం నవంబరు 1న మొదలై మరుసటి అక్టోబరు 31న ముగుస్తుంది. టెండరు అనగానే తక్కువ ధర కోట్ చేసినవాడికి దక్కుతుందని అనుకుంటాం. ఇక్కడ ధర ముందే ప్రకటిస్తారు, డిస్టిలరీలు ఎంత పరిమాణం ఇవ్వగలవో మాత్రమే చెబుతాయి. వస్తు సేవల పన్ను 5 శాతం, రవాణా ఖర్చు ఆ ధరపై అదనం.

ఇంకో విశేషం, ఇథనాల్ ఎక్కడి నుంచి వచ్చినా రసాయనికంగా ఒక్కటే అయినా, దానికి ఒక్క ధర లేదు. ముడిసరుకును బట్టి ధర మారుతుంది. 2024-25లో చెరకు రసం నుంచి చేసిన లీటరుకు 65.61, చక్కెర చాలావరకూ తీసేసిన సి రకం మడ్డి నుంచి చేసినదానికి 57.97, భారత ఆహార సంస్థ బియ్యం నుంచి చేసినదానికి 58.50, పాడైన ధాన్యం నుంచి చేసినదానికి 64.00, మొక్కజొన్న నుంచి చేసినదానికి 71.86 చెల్లించారు. మొక్కజొన్నదే అన్నిటికన్నా ఎక్కువ. ఒకే సరుకుకు ఇన్ని ధరలు ఎందుకంటే, లెక్క కట్టేది ఇథనాల్ విలువ నుంచి కిందికి కాదు, ముడిసరుకు ఖర్చు నుంచి పైకి. బియ్యాన్ని కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. టన్నుకు 450 లీటర్ల చొప్పున లీటరుకు బియ్యం ఖర్చు సరిగ్గా 50 రూపాయలు. అమ్మకం ధర 58.50 కాబట్టి డిస్టిలరీకి మిగిలేది 8.50. మొక్కజొన్న క్వింటాలు 2,400 పడితే టన్నుకు 380 లీటర్ల చొప్పున గింజ ఖర్చు 63.16, 71.86లో మిగిలేది 8.70. ఈ రెండు మిగుళ్లు ఇంత దగ్గరగా ఉండటం కాకతాళీయమో కాదో గానీ, ధర కట్టే పద్ధతి ఏమిటో అర్థమయ్యేలా చేస్తుంది. బియ్యం విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. ఆహార సంస్థకు కిలో బియ్యం సేకరించి నిల్వ చేసి అందించడానికి అయ్యే మొత్తం ఖర్చు సుమారు 40 రూపాయలు. 22.50కి ఇవ్వడంలో ఉన్న తేడా ఇథనాల్ ధరలో కనిపించదు, ఆహార రాయితీ పద్దులో ఉండిపోతుంది. ధరల పట్టికలో మొక్కజొన్న ఖరీదైనదిగా, బియ్యం చవకగా కనిపించడానికి ఇదొక కారణం.

మొక్కజొన్న ముందుకు వచ్చిన రెండేళ్లు

పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో మొదలైంది. 2013-14 నాటికి కూడా కలిసినది 1.53 శాతమే. 2018లో జీవ ఇంధన విధానం వచ్చాక వేగం పెరిగింది. 2022లో 10 శాతం దాటింది. 20 శాతం గడువును 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు, 2025లో ఆ స్థాయికి చేరినట్లు కేంద్రం ప్రకటించింది. ఈ ప్రయాణంలో చాలాకాలం మొక్కజొన్న పాత్ర నామమాత్రం. 2022-23లో దానినుంచి వచ్చినది సుమారు 31 కోట్ల లీటర్లే.

తరువాత రెండు తలుపులు వెంటవెంటనే మూసుకున్నాయి. వర్షాభావ భయంతో 2023 జూలైలో భారత ఆహార సంస్థ డిస్టిలరీలకు బియ్యం ఆపేసింది. డిసెంబరులో చెరకు రసం వాడకంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. లక్ష్యం మాత్రం తగ్గలేదు. మిగిలిన దారి మొక్కజొన్న. 2021-22లో లీటరుకు 52.92 ఉన్న మొక్కజొన్న ఇథనాల్ ధర 66.07కు చేరి ఉంది. 2024 జనవరిలో చమురు కంపెనీలు మరో 5.79 కలిపి 71.86 చేశాయి. అదే సమయంలో నాఫెడ్ వంటి సహకార సంస్థలు మద్దతు ధరకు మొక్కజొన్న కొని డిస్టిలరీలకు క్వింటాలు 2,291కి ఇచ్చే ఏర్పాటు కూడా ప్రకటించారు. అప్పటి మద్దతు ధర 2,090. ఫలితంగా 2023-24లో మొక్కజొన్న ఇథనాల్ ఒక్కసారిగా 286 కోట్ల లీటర్లకు ఎగబాకింది, మొత్తం సరఫరాలో 42 శాతం. అంతవరకూ ఏటా లక్షల టన్నుల మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకుంది.

ఒక లీటరు లెక్క, మొదటి నుంచి చివరి వరకు

ఇప్పుడు ఒక డిస్టిలరీని ఊహించుకుందాం. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం, ఏడాదిలో 330 రోజుల పని. దానికి రోజుకు 263 టన్నుల మొక్కజొన్న కావాలి, ఏడాదికి దాదాపు 87 వేల టన్నులు. తయారీ ఖర్చు, అంటే ఊక లేదా బొగ్గు, కరెంటు, ఎంజైములు, జీతాలు కలిపి లీటరుకు 12 రూపాయలనుకుందాం. అప్పుపై వడ్డీ, యంత్రాల తరుగుదల కలిపి, ప్లాంటు నిండుగా నడిస్తే లీటరుకు 5 రూపాయలు. డీడీజీఎస్ కిలో 15కు అమ్ముడుపోతుందనుకుందాం. ఈ మూడు అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి, ప్లాంటును బట్టి మారతాయి. మిగతా లెక్క వీటి మీద నడుస్తుంది.

టన్నుకు 280 కిలోల పిప్పి, కిలో 15 చొప్పున 4,200 రూపాయలు. దాన్ని 380 లీటర్లకు పంచితే లీటరుకు 11.05. ఇథనాల్ ధర 71.86తో కలిపి లీటరు మీద మొత్తం రాబడి 82.91. మొక్కజొన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర క్వింటాలు 2,400 పడితే గింజ ఖర్చు 63.16. మిగిలిన 19.75లో తయారీకి 12, పెట్టుబడికి 5 పోగా లాభం 2.75. అంటే ఇథనాల్ వ్యాపారంలో పిప్పి అమ్మకం లేకపోతే లాభం మాట అటుంచి, తయారీ ఖర్చుకు కూడా చాలదు.

మొక్కజొన్న క్వింటాలుకు 100 పెరిగితే లీటరు ఖర్చు 2.63 పెరుగుతుంది. కాబట్టి ఈ ప్లాంటు లాభం గేటు ధర 2,505 దగ్గర సున్నా అవుతుంది. 2,600 అయితే లీటరుకు రెండున్నర రూపాయల నష్టం. అయినా వెంటనే తాళం వెయ్యరు, ఎందుకంటే గింజ, తయారీ ఖర్చులు పోగా ఇంకా రెండున్నర రూపాయలు చేతికి వచ్చి అప్పులో కొంతైనా తీరుతుంది. గేటు ధర 2,695 దాటితే మాత్రం నడిపేకొద్దీ జేబులోంచి పోతుంది, అప్పుడు బాయిలరు ఆర్పేయడమే మేలు. 2,505 నుంచి 2,695 వరకు ఉన్న ఈ పట్టీలో డిస్టిలరీలు మూలుగుతూనే నడుస్తాయి. గేటు ధరకూ రైతు చేతికి వచ్చే ధరకూ మధ్య లారీ బాడుగ, హమాలీ, కమీషన్, మార్కెట్ రుసుము ఉంటాయి. వీటికి క్వింటాలుకు 150 నుంచి 200 తీసేస్తే, ఈ డిస్టిలరీ నష్టం లేకుండా రైతుకు ఇవ్వగలిగినది 2,300 నుంచి 2,350 మధ్యే. అంటే మద్దతు ధర 2,400 అయిన ఏడాది ఇథనాల్ ధర దాన్ని అందుకోలేకపోయింది. మద్దతు ధర 2023-24లో 2,090 నుంచి రెండేళ్లలో 310 పెరిగింది, 71.86 మాత్రం కదల్లేదు.

పైకప్పు ఉంది, నేల లేదు

పై లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇది. ఇథనాల్ ధరను స్థిరంగా కట్టడం మొక్కజొన్నకు ఒక పైకప్పు వేస్తుంది. డిస్టిలరీ ఎంత వరకు చెల్లించగలదో అది చెబుతుంది. కానీ ఎంతకు తగ్గకుండా చెల్లించాలో అది చెప్పదు. 71.86లో మద్దతు ధర ఇమిడి ఉన్నా, డిస్టిలరీ మద్దతు ధరకే కొన్నట్లు రుజువు చూపితేనే ఈ రేటు అనే షరతు టెండరులో లేనప్పుడు, యార్డులో 1,750 నడిస్తే అది 1,750కే కొంటుంది. రవాణా కలిపి గేటు ధర 1,900 అనుకుంటే గింజ ఖర్చు లీటరుకు 50, మిగులు 2.75 నుంచి 15.91కి పెరుగుతుంది. రైతు కోల్పోయినది ప్లాంటు లాభంలోకి చేరింది. సహకార సంస్థలు మద్దతు ధరకు కొని ఇచ్చే ఏర్పాటు ఈ ఖాళీని పూడ్చడానికి ఉద్దేశించిందే గానీ, డిస్టిలరీలు ఎక్కువగా బహిరంగ మార్కెట్లోనే కొంటున్నాయి.

దీనికి డిస్టిలరీల వాదన తేలికగా తీసేయదగినది కాదు. ధర పెరిగిన ఏడాది మా నష్టాన్ని ఎవరూ పంచుకోలేదు, తగ్గిన ఏడాది మిగులు మాకు దక్కడం న్యాయమే అంటారు వారు. అప్పు తీర్చవలసిన కాలం నాలుగైదేళ్లు, గింజ ధర రెండు మూడు నెలలకొకసారి మారుతుంది. వారు నిలదొక్కుకునేది ఆ సగటు మీదే.

ధర కాదు, పరిమాణం చేతులెత్తేసింది

సరే, గింజ చవకైతే డిస్టిలరీలు ఎగబడి కొనాలి, ఆ పోటీలో ధర మళ్లీ లేవాలి కదా? 2025లో అది జరగకపోవడానికి కారణం టెండరు పరిమాణంలో ఉంది. 2025-26కు చమురు కంపెనీలు అడిగినది 1,050 కోట్ల లీటర్లు. దేశవ్యాప్తంగా డిస్టిలరీలు ఇస్తామన్నది 1,776 కోట్ల లీటర్లు. కేటాయించినది 1,048 కోట్ల లీటర్లు, అందులో మొక్కజొన్నకు సుమారు 46 శాతం, గింజలన్నిటికీ కలిపి 72 శాతం. నిల్వలు పేరుకుపోయిన బియ్యం మళ్లీ డిస్టిలరీల దారి పట్టింది, దానికీ అయిదో వంతుకు మించిన వాటా దక్కింది.

20 శాతం లక్ష్యం చూసి, వడ్డీ రాయితీ పథకం చూసి, ఇటీవలి ఏళ్లలో కొత్త ప్లాంట్లు దండిగా వచ్చాయి. పెట్రోలు అమ్మకాలే కొలబద్ద కాబట్టి 20 శాతానికి చేరగానే గిరాకీ అక్కడే ఆగిపోయింది. మన ఊహా ప్లాంటుకు సగం ఆర్డరే వస్తే లీటరుకు 5 అనుకున్న పెట్టుబడి ఖర్చు 10 అవుతుంది. గేటు ధర 1,900 దగ్గర అప్పటికీ దాదాపు 11 రూపాయలు మిగులుతుంది. అయినా అది ఒక్క లారీ మొక్కజొన్న కూడా అదనంగా కొనదు, ఎందుకంటే ఆ గింజతో చేసిన ఇథనాల్‌ను కొనేవారు లేరు. అదే ప్లాంటు మొక్కజొన్న 2,400 ఉన్నప్పుడు సగం ఆర్డరుతో నడిస్తే లీటరుకు 2.25 నష్టంలో ఉంటుంది. ఇక కేటాయింపులు ఏ రాష్ట్రానికి ఎంత అన్నది రాష్ట్రాల మధ్య తగువు. ఇథనాల్ లోటు ఉన్న రాష్ట్రాల ప్లాంట్లకు, సహకార సంస్థలకు ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి తమకు అన్యాయమని దక్షిణాది డిస్టిలరీలు అంటుంటే, రవాణా ఖర్చు తగ్గించడానికి అదే సరైన పద్ధతని మరోపక్క సమాధానం వస్తోంది.

ఈ వాటాను పంట మొత్తంతో పోల్చితే దాని బరువు తెలుస్తుంది. దాదాపు 480 కోట్ల లీటర్ల మొక్కజొన్న ఇథనాల్‌కు 1.26 కోట్ల టన్నుల గింజ కావాలి. 2024-25లో దేశంలో పండినది 4.34 కోట్ల టన్నులు. అంటే పదింట మూడు వంతులకు కాస్త తక్కువ. అందులో నాలుగో వంతుకు పైగా పిప్పిగా దాణాకు తిరిగి వస్తుంది. 2023-24లో 3.77 కోట్ల టన్నులున్న పంట ఒక్క ఏడాదిలో ఇంత పెరగడంలో ఇథనాల్ ఆశ పాత్ర ఉంది. పంట అందిన ఏడాదే టెండరు నిండిపోవడం రైతు దురదృష్టం.

దాణా పొయ్యిలో రెండు మంటలు

కోళ్ల దాణాలో 60 శాతం పైగా మొక్కజొన్నే. తెలుగు రాష్ట్రాలు గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో ఉన్నాయి కాబట్టి ఇథనాల్ ధర మార్పు ఇక్కడి గుడ్డు ధరకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. డిస్టిలరీ చెల్లించగలిగే పైకప్పు ఎంత ఎత్తులో ఉంటే, కోళ్ల రైతు పోటీపడవలసిన ధర అంత ఎత్తుకు పోగలదు. 2024లో కోళ్ల పరిశ్రమ సుంకం లేకుండా దిగుమతులు అనుమతించమని కోరింది అందుకే.

అయితే పిప్పి కథ మరోవైపు నడిచింది. గింజ డిస్టిలరీలు పెరిగేకొద్దీ మొక్కజొన్న, బియ్యం డీడీజీఎస్ మార్కెట్‌ను ముంచెత్తింది. మాంసకృత్తుల కోసం సోయా చెక్క, నూనె తీసిన తవుడు కొనే దాణా మిల్లులు కొంత భాగం పిప్పి వైపు మళ్లాయి. సోయా చెక్కకు గిరాకీ తగ్గితే సోయా గింజకు ధర తగ్గుతుంది. ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో మొక్కజొన్న, సోయా రెండూ వేసే రైతుకు ఇథనాల్ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్లే అయింది. డిస్టిలరీకి కూడా ఇది రెండువైపులా పదునున్న కత్తి. డీడీజీఎస్ కిలో 15 నుంచి 11కు పడిపోతే లీటరు రాబడి 2.95 తగ్గి, 2,400 దగ్గర ఉన్న 2.75 లాభం పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. మొక్కజొన్న ధర గురించి మాట్లాడినంతగా పిప్పి ధర గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ప్లాంటు నడిపేవారి ఫోనులో రోజూ మొదట చూసే రెండు ధరల్లో అదొకటి.

అమెరికాలో ఇదే సరుకు, వేరే పద్ధతి

ప్రపంచంలో మొక్కజొన్న నుంచి అత్యధికంగా ఇథనాల్ తీసే దేశం అమెరికా. అక్కడి పంటలో స్థూలంగా 40 శాతం డిస్టిలరీలకు పోతుంది. 2007 చట్టం ప్రకారం పెట్రోలు శుద్ధిచేసేవారు, దిగుమతి చేసుకునేవారు ఏటా నిర్ణీత పరిమాణంలో జీవ ఇంధనం కలపాలి, మొక్కజొన్న ఇథనాల్ వాటాకు 1,500 కోట్ల గ్యాలన్ల హద్దు ఉంది. గ్యాలనుకు 45 సెంట్ల చొప్పున ఇచ్చిన పన్ను రాయితీ 2011 చివరిలో ముగిసిపోయింది. అక్కడ ప్రభుత్వం పరిమాణాన్ని నిర్దేశిస్తుంది, ధరను మార్కెట్‌కు వదిలేస్తుంది. మొక్కజొన్న పెరిగితే ఇథనాల్ ధర కూడా కొంతవరకు పెరిగి డిస్టిలరీకి ఊపిరి ఆడుతుంది. మనదగ్గర ధరనూ పరిమాణాన్నీ రెండిటినీ పైనుంచే కడతారు, స్వేచ్ఛగా కదిలేది గింజ ధర, పిప్పి ధర మాత్రమే. అందువల్ల హెచ్చుతగ్గుల అదురంతా రైతు, డిస్టిలరీ, దాణా మిల్లు మధ్యే పడుతుంది, చమురు కంపెనీకి చేరదు. అమెరికా పద్ధతి నొప్పిలేనిదని కాదు. అక్కడ ఆ అదురు పెట్రోలు కొనేవాడికీ, గింజ దిగుమతి చేసుకునే దేశాలకూ పాకింది. 2007లో మెక్సికోలో మొక్కజొన్న రొట్టెల ధరలపై జనం వీధికెక్కారు.

బంకు దగ్గర లీటరు

పెట్రోలు కొనేవారి ప్రశ్న సూటిగా ఉంటుంది. ఇథనాల్ కలిపితే పెట్రోలు చవక కావాలి కదా? లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి లీటరు పెట్రోలు శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు. అంటే 71.86కు కొన్న ఇథనాల్ ఇచ్చే శక్తిని పెట్రోలు లెక్కలోకి మారిస్తే లీటరు 109 రూపాయల వరకు పడుతుంది. ముడిచమురు పీపా 70 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే చమురు లీటరుకు 39 రూపాయలకు కాస్త తక్కువ. శుద్ధి ఖర్చులు కలిపినా ఇథనాల్ కంటే బాగా తక్కువే. 2024-25లో ఇథనాల్ సగటు సేకరణ ధర, పన్ను రవాణాలతో కలిపి, 71.32 అని, శుద్ధిచేసిన పెట్రోలు ధరను అది మించిందని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ఒప్పుకుంది. నీతి ఆయోగ్ ప్రణాళిక రాసిన కాలంలో పరిస్థితి తిరగబడి ఉండేది. కాబట్టి బంకు ధరలో తగ్గింపు కోసం చూడడం లెక్క ప్రకారం వృథా. అసలు బంకు ధరలో పెద్ద భాగం పన్నులు.

మైలేజీ విషయంలో కూడా లెక్క ఇలాగే నడుస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన లీటరులో శక్తి ఏడు శాతం వరకు తగ్గుతుంది. ఇంజను దానికి తగ్గట్టు చేయకపోతే నీతి ఆయోగ్ అంచనా ప్రకారం కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజీ తగ్గవచ్చు. తగ్గట్టు మలచిన కార్లకు 1-2 శాతమే, ఎందుకంటే ఇథనాల్‌కు ఆక్టేన్, అంటే ఒత్తిడిలో ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణం, ఎక్కువ కాబట్టి ఇంజను మరింత ఒత్తిడితో మండించగలదు. ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే అవకాశం కావాలన్న వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

అయితే ఖరీదైనా ఎందుకు? ప్రభుత్వ వాదన ఇది: చమురుకు ఇచ్చే డాలర్లు బయటికి పోతాయి, ఇథనాల్‌కు ఇచ్చే రూపాయలు ఊళ్లలోకి వస్తాయి. పీపా ధర 70 ఉన్నప్పుడు ఈ వాదన బలహీనంగా కనిపిస్తుంది, 120 అయితే అదే బీమాలా తోస్తుంది. ఎదుటి వాదన కూడా బలమైనదే: బీమా ప్రీమియం ఎవరు కడుతున్నారో బిల్లులో కనిపించడం లేదు, నేల, నీరు, ఎరువు లెక్కలోకి రావడం లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కినప్పుడు వారు లేవనెత్తినవి నీటి, కాలుష్య భయాలే. ఇథనాల్ లీటరు ధరలో వీటికి గడి లేదు.

పైకప్పును దించగలిగే సుంకం

ఈ లెక్కలో చివరి ముడి దిగుమతి సుంకం. మొక్కజొన్నపై సాధారణ సుంకం 50 శాతం, ఏటా 5 లక్షల టన్నుల కోటా వరకు 15 శాతం. జన్యుమార్పిడి గింజకు అనుమతి లేదు. అమెరికాలో పండేది దాదాపుగా అదే కాబట్టి, సుంకం కంటే ముందు ఈ నిషేధమే అడ్డుగోడ. 2025 వాణిజ్య చర్చల్లో అమెరికా ఈ గోడ గురించే అడిగింది. ఇథనాల్‌కు మాత్రమే వాడతాం, ఆహారంలోకి రానివ్వం అనే ప్రతిపాదన కూడా వినిపిస్తుంది. కానీ పిప్పి కోళ్ల దాణాలోకి పోతుంది కనుక అది అంత తేలికగా తెగే మాట కాదు.

షికాగో మార్కెట్లో మొక్కజొన్న బుషెల్, అంటే 25.4 కిలోలు, 4 డాలర్ల 30 సెంట్లు అనుకుంటే మన రూపాయల్లో క్వింటాలు 1,490 వరకు పడుతుంది. ఓడ బాడుగ, రేవు ఖర్చులకు 400 వేస్తే 1,890. దానిపై 50 శాతం సుంకం పడితే 2,835, మన ఊహా డిస్టిలరీ నష్టం లేకుండా భరించగలిగే 2,505 కంటే చాలా పైన. 15 శాతం పడితే 2,175, అంటే హాయిగా గిట్టుబాటయ్యే ధర. రేవు దగ్గరి ప్లాంటుకు ఆ గింజ అందుబాటులోకి వస్తే, నిజామాబాద్ యార్డులో డిస్టిలరీ తరఫున నిలబడే కొనుగోలుదారు, గేటు ధర 2,400 మద్దతు ధర కంటే రెండు వందల పాతిక రూపాయలు తక్కువ ఉన్నచోటే చేయి ఆపేస్తాడు, ఇథనాల్ ధర 71.86 అలాగే ఉన్నా సరే.